కూల్చబోయే ఇల్లు, తాతయ్య క్యాసెట్: జ్ఞాపకం మీద షార్ట్ ఫిల్మ్ ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇది. చిక్కడపల్లిలో అమ్మమ్మ గారి పాత ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చేశారు, సంక్రాంతి వెళ్ళాక కూల్చేస్తారు. మీ దగ్గర ఒక ఫోను, తాతయ్య గొంతున్న ఒక క్యాసెట్, అమ్మానాన్నల పెళ్ళి వీహెచ్‌ఎస్ టేపు, ఫోటోలు అట్టకి అతుక్కుపోయిన ఆల్బమ్, 15 వేల రూపాయలు, రెండు నెలల టైము ఉన్నాయి. ఐదారేళ్ళ వయసులో ఆ ఇంట్లో గడిపిన రోజుల మీద 8 నిమిషాల ఫిల్మ్ తీయాలి. "కథ ఏమీ లేదు, మనసులో ఏదో ఉంది, అది ఎట్లా తీయాలో తెలియట్లేదు" అన్నారు.

కథ లేకపోతే ఏమీ నష్టం లేదు. గుర్తున్నదాన్ని మళ్ళీ నటింపజేయబోయినప్పుడే ఇలాంటి సినిమాలు చెడిపోతాయి. ఒక పిల్లాడికి నిక్కరు తొడిగి, వాకిట్లో పరిగెత్తించి, స్లో మోషన్ చేసి, వెనక పియానో వేస్తే అది ఎవరి బాల్యమైనా కావచ్చు, మీది మాత్రం కాదు. జ్ఞాపకాన్ని కెమెరాతో పట్టలేం. దాని తాలూకు మిగిలినవాటిని పట్టగలం: ఒక గొంతు, గోడ మీద క్యాలెండర్ ఉన్నచోట మిగిలిన మేకు మచ్చ, తలుపు గడియ చప్పుడు, ఆ గదిలో మాట మోగే తీరు. వీటిని సరిగ్గా, దగ్గరగా పట్టుకుంటే మిగతాది చూసేవాళ్ళే నింపుకుంటారు. అందుకే ఇలాంటి పనికి శబ్దం ముందు, బొమ్మ తర్వాత.

కాబట్టి మొదట క్యాసెట్ సంగతి చూడండి. ఇల్లు జనవరి దాకా ఉంటుంది, టేపు ఉంటుందన్న నమ్మకం లేదు. ఏదో ఒక పాత టేప్ రికార్డర్‌లో వేసి "ఒకసారి విందాం" అనుకోకండి. క్యాసెట్ వెనక అంచున రెండు చివర్లా రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలుంటాయి. అవి ఇంకా ఉంటే ముందు విరిచేయండి, అప్పుడు పొరపాటున రికార్డ్ బటన్ మీద వేలు పడినా గొంతు చెరిగిపోదు. తర్వాత క్యాసెట్ మీదున్న చిన్న కిటికీలోంచి టేపు చుట్టని వెలుతురుకి పెట్టి చూడండి. అంచుల మీద తెల్లగా బూజు ఉంటే అసలు తిప్పొద్దు. ఆ బూజు హెడ్‌కి (ప్లేయర్‌లో టేపుని చదివే భాగానికి) పట్టి, మిగతా టేపుని కూడా గీస్తుంది. శుభ్రం చేయడం తెలిసినవాళ్ళకే ఇవ్వండి. బూజు లేకపోతే, టేపు బయటికి కనబడే అంచు మధ్యలో పల్చటి లోహపు పట్టీ మీద ఫెల్ట్ అనే మెత్తటి గుడ్డ ముక్క ఒకటి ఉందో లేదో చూడండి. పాత క్యాసెట్లలో జిగురు ఎండిపోయి అది ఊడిపోతుంది. అది లేకుండా ఆడిస్తే టేపు హెడ్‌ని సరిగ్గా తాకదు, గొంతు దుప్పటి కింద నుంచి వస్తున్నట్టు మందంగా, వచ్చిపోతూ వినిపిస్తుంది. చాలామంది టేపే పాడైపోయిందనుకుని అక్కడే వదిలేస్తారు. స్క్రూలున్న క్యాసెట్ అయితే రెండు చుట్టల్నీ జాగ్రత్తగా తీసి, బాగున్న మరో క్యాసెట్ పెట్టెలోకి మార్చుకోవచ్చు. అదే పని ముందు ఒక పనికిరాని క్యాసెట్ మీద చేసి చూడండి.

డెక్ (క్యాసెట్ ఆడించే యంత్రం) కోసం గురువారం పాత సామాను అమ్మే జుమేరాత్ బజార్‌లో వెతకొచ్చు. కాకపోతే పాత డెక్కుల్లో రబ్బరు బెల్టు సాగిపోయి ఉంటుంది, వేగం ఊగుతుంది. కొన్నాక బెల్టు మార్పించుకోవాల్సిందే అని లెక్కేసుకోండి. తెలిసినవాళ్ళ ఇంట్లో పనిచేసే డెక్ ఉంటే రెండు రోజులు అడిగి తెచ్చుకోవడం ఇంకా మంచిది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో హెడ్‌ని తుడిచి, ఆరనిచ్చి, క్యాసెట్‌ని ఆ చివరిదాకా ఒకసారి, ఈ చివరిదాకా ఒకసారి తిప్పండి. ఏళ్ళ తరబడి కదలకుండా ఉన్న చుట్టలు అప్పుడే వదులవుతాయి.

ఇప్పుడు అన్నిటికన్నా పనికొచ్చే సంగతి. హెడ్ పక్కన ఒక చిన్న స్క్రూ ఉంటుంది, చాలా డెక్కుల్లో ప్లే నొక్కినప్పుడు దానికి ఎదురుగా ఒక బెజ్జం కనబడుతుంది. తాతయ్య మాట్లాడుతుండగా, అయస్కాంతం లేని సన్నటి స్క్రూడ్రైవర్‌తో దాన్ని వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పుతూ వినండి. ఒకచోట స, శ, చ అక్షరాలు ఒక్కసారిగా పదునెక్కుతాయి. అక్కడ ఆపండి. అప్పట్లో రికార్డు చేసిన యంత్రంలో హెడ్ ఉన్న కోణం, మీ డెక్‌లో ఉన్న కోణం ఒకటి కాకపోవడం వల్ల కూడా గొంతు మందంగా ఉంటుంది. ఏ సాఫ్ట్‌వేరూ ఆ తేడాని తర్వాత పూర్తిగా పూడ్చలేదు. ఆ తర్వాత డెక్ లైన్ అవుట్ (శబ్దం బయటికిచ్చే పిన్ను) నుంచి కంప్యూటర్‌లోకి 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలుగా రెండు వైపులా మొత్తం ఎక్కించండి. ఎంత గట్టి మాట దగ్గరైనా రికార్డింగ్ మీటర్ మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు. మాటలు లేని ఖాళీ జాగా కూడా ఎక్కించండి, కొన్నిసార్లు బటన్ నొక్కిన టక్ శబ్దం, ఒక దగ్గు, వెనక వంటింట్లో గిన్నె పడ్డ చప్పుడు అన్నీ అక్కడే ఉంటాయి. ఈ ఫైలుని ఎప్పటికీ ముట్టుకోకండి, కాపీ మీదే పనిచేయండి. కాపీలో కూడా కరెంటు హమ్ (గుంయ్‌మనే మోత) ఉంటే 50, 100, 150 హెర్ట్జ్ దగ్గర సన్నగా తగ్గించి ఊరుకోండి. టేపు సుయ్‌మనే శబ్దాన్ని నాయిస్ రిడక్షన్‌తో పూర్తిగా తీసేస్తే గొంతు నీళ్ళలో మునిగినట్టు గుడగుడలాడుతుంది. ఆ సుయ్‌మనేదే ఎన్నేళ్ళు గడిచాయో చెబుతుంది, ఉండనివ్వండి.

తర్వాత ఇంటి శబ్దాలు. పొద్దున నాలుగున్నర నుంచి ఆరు లోపు పని పెట్టుకోండి, ఆ తర్వాత ఆర్టీసీ క్రాస్ రోడ్స్ ట్రాఫిక్ గోడలోంచి కూడా వచ్చేస్తుంది. ఒక జాబితా రాసుకోండి: వెనక తలుపు గడియ, ఊచల కిటికీ రెక్క, నీళ్ళ మోటారు, షాబాద్ బండల మీద స్టీలు బిందె దింపిన చప్పుడు, మెట్లెక్కే అడుగులు. ప్రతిదాన్నీ రెండుసార్లు తీయండి. మైకు ఒక జానెడు దూరంలో పెట్టి ఒకసారి, మైకుని పక్క గదిలో పెట్టి తలుపు సగం మూసి ఇంకోసారి. రెండోది మానేయొద్దు, పిల్లలు మధ్యాహ్నం పడుకుని కళ్ళు మూసుకుని వినేవి పక్క గది శబ్దాలే. ఎడిటింగ్‌లో దగ్గరి శబ్దం ‘ఇప్పుడు’ అనిపిస్తుంది, పక్క గది శబ్దం ‘అప్పుడు’ అనిపిస్తుంది. ఏ ఎఫెక్టూ వేయకుండానే కాలం మారుతుంది.

ప్రతి గదిలో రెండు నిమిషాలు ఊరికే నిశ్శబ్దం రికార్డు చేయండి. ఫ్యాన్లు ఆపండి, ఫ్రిజ్ ఆపండి. ఫ్రిజ్ ఆపినప్పుడు మీ బండి తాళం చెవి ఫ్రిజ్‌లోనే పెట్టండి, అప్పుడు మళ్ళీ ఆన్ చేయకుండా ఇంటికి వెళ్ళలేరు. ఆ నిశ్శబ్దం లేకపోతే మాటకీ మాటకీ మధ్య కత్తిరించిన ప్రతిచోటా శబ్దం చచ్చిపోయి గుంత పడినట్టు వినిపిస్తుంది.

అమ్మమ్మతో మాట్లాడేటప్పుడు మొదటి రోజు కెమెరా తీయకండి. కాలర్ మైకు కొంటే చీర సంగతి ముందు ఆలోచించండి. గంజి పెట్టిన కాటన్ చీర ఆమె ఊపిరి తీసినప్పుడల్లా గరగరమంటుంది, పట్టు చీర అంతకన్నా ఎక్కువ. గొలుసు మైకుకి తగులుతుంటుంది, గాజులు సరేసరి. ఉతికి మెత్తబడిన పాత నేత చీర కట్టుకోమని అడగండి. మైకుని గొలుసుకి దూరంగా, భుజం దగ్గర పమిట అంచుకి పెట్టి, తీగని ఒక చుట్ట చుట్టి మెడికల్ టేపుతో అతికించండి. మైకు గుచ్చుకున్నట్టుందని ఆమె పదేపదే సర్దుకుంటుంటే తీసేయండి. మడత పెట్టిన తువ్వాలు మీద రికార్డర్ పెట్టి, ఆమె నోటికి రెండు జానల దూరంలో ఉంచితే చాలు.

"తాతయ్య గుర్తొస్తే ఎలా ఉంటుంది?" అని అడిగితే "ఏముంటది బిడ్డా, పోయినోళ్ళు పోయిండ్రు" అని ఊరుకుంటుంది. భావం గురించి అడిగితే భావం రాదు. చేతులతో చేసే పనుల గురించి అడగండి. కాఫీ ఎవరు కలిపేవారు, ఏ గ్లాసులో, చక్కెర డబ్బా ఏ అరలో ఉండేది, తాతయ్య చెప్పులు ఎక్కడ విడిచేవారు. వీలైతే చక్కెర డబ్బా చేతికిచ్చి అడగండి. జవాబయ్యాక వెంటనే ఇంకో ప్రశ్న వేయకుండా మనసులో పది లెక్కపెట్టండి. అసలు మాట చాలాసార్లు ఆ పది లోపలే వస్తుంది. ఆమె యాసని ఎక్కడా సరిచేయకండి, సబ్‌టైటిల్స్ రాసేటప్పుడు కూడా అర్థం మారకుండా చూసుకుంటే చాలు.

ఈలోగా మీరు చేయాల్సిన రాతపని ఒకటుంది. ఆ ఇంట్లోని ఒకే ఒక్క మధ్యాహ్నాన్ని ఒక పేజీలో రాయండి. నాలుగు రోజులాగి, ముందు రాసింది చూడకుండా మళ్ళీ రాయండి. ఇంకో నాలుగు రోజులకి మూడోసారి. గుర్తు తెచ్చుకోవడమంటే దాచిపెట్టినదాన్ని బయటికి తీయడం కాదు, ప్రతిసారీ కొత్తగా కట్టుకోవడం. 1932లోనే కేంబ్రిడ్జ్ మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ తన ప్రయోగాల్లో చూపించింది ఇదే. ఒక తెలియని కథని జనంతో మళ్ళీ మళ్ళీ చెప్పిస్తే, వాళ్ళకి తెలియకుండానే కొత్త వివరాలు తమకు అలవాటైన వివరాలుగా మారిపోయాయి. మీ మూడు పేజీలనీ పక్కపక్కన పెట్టి చూడండి. మూడింట్లోనూ మారకుండా ఉన్న వస్తువులకి గుండ్రంగా గీయండి, మారినవాటికి అడ్డగీత గీయండి.

ఉదాహరణకి మొదటి పేజీలో తాతయ్య పడక్కుర్చీలో రేడియో వింటున్నారు అనుకుందాం. రెండో పేజీలో రేడియో ఉంది, పడక్కుర్చీ కాస్తా మంచం అయింది. మూడో పేజీలో రేడియో కూడా లేదు, కిటికీ గట్టు మీద ఎండలో పెట్టిన రెండు బ్యాటరీ సెల్లులు మాత్రం ఉన్నాయి. మూడు పేజీల్లోనూ ఆ సెల్లులు ఉన్నాయంటే, మీ షాట్ అదే. గట్టు, ఎండ, రెండు సెల్లులు. కుర్చీనో మంచమో తేలలేదు కాబట్టి ఆ రెండూ మాటల్లోనే ఉండాలి, తెర మీదకి రాకూడదు. "కుర్చీలో కూర్చునేవారు... కాదు, మంచం మీద" అని మీ గొంతులో తడబాటుని అలాగే ఉంచండి. ఇది మరుపు గురించిన సినిమా కూడా అని ఆ తడబాటే చెబుతుంది.

ప్రయోగాత్మకం అంటే ఇష్టమొచ్చినట్టు తీయడం కాదు. ఒక నియమం పెట్టుకుని దాన్ని చివరిదాకా పాటించడం. మీ విషయానికి సరిపోయే నియమం ఒకటి చెబుతాను: ఐదేళ్ళ పిల్లవాడి కంటి ఎత్తు సుమారు మీటరు, కెమెరా ఎప్పుడూ ఆ ఎత్తు దాటకూడదు. ఒక కర్రకి మీటరు దగ్గర గీత పెట్టుకుని ప్రతి షాటుకీ కొలవండి. అప్పుడు దగ్గరగా నిలబడ్డ మనుషుల ముఖాలు ఫ్రేమ్‌లోకి రావు. చేతులు, మోకాళ్ళు, పమిట చెంగు, గ్యాస్ స్టవ్ అడుగు భాగం వస్తాయి, తలుపు గడియ పైనెక్కడో ఉంటుంది. ముఖాలు లేకపోతే భావం తగ్గుతుందని భయపడొద్దు. రష్యన్ దర్శకుడు లెవ్ కులెషోవ్ వందేళ్ళ క్రితమే చూపించాడు, ఒకే ముఖాన్ని వేరువేరు షాట్ల పక్కన పెడితే జనం దానిలో వేరువేరు భావాలు చూస్తారని. అంటే భావం షాట్‌లో కన్నా పక్కపక్కన పెట్టడంలో ఉంది. అమ్మమ్మ ముఖం ఒక్కసారే, చివరి రెండు నిమిషాల్లో, ఆమె నేల మీద కూర్చున్నప్పుడు ఫ్రేమ్‌లోకి రానివ్వండి. ఆరు నిమిషాలు దాచినందుకు ఆ ఒక్క షాటుకి బలం వస్తుంది.

ఫోను సెట్టింగులు త్వరగా చెప్పేస్తాను. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 50లో ఒకటో వంతు. 30 ఫ్రేములు, 60లో ఒకటో వంతు షట్టర్ పెడితే ట్యూబ్‌లైట్ కింద చారలు పాకుతాయి. ఫోను సొంత కెమెరా యాప్ ఫ్రేమ్ రేటుని నిలకడగా ఉంచదు, విడిగా రికార్డు చేసిన శబ్దం నెమ్మదిగా జరిగిపోతుంది. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా లాంటి ఉచిత యాప్‌లో ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ మూడూ లాక్ చేయండి. లాక్ చేయకపోతే ఎవరైనా కిటికీ ముందు నుంచి నడిచినప్పుడు గది మొత్తం వెలుగుతూ ఆరుతూ ఉంటుంది, షాట్ పాడైనట్టే. అదే యాప్‌లో 4:3 (వెడల్పు 4, ఎత్తు 3 పాళ్ళు) ఫ్రేమ్ గైడ్ పెట్టుకోండి. మీ పెళ్ళి టేపు 4:3లోనే ఉంటుంది కాబట్టి కొత్త బొమ్మా పాత బొమ్మా ఒకే చట్రంలో కూర్చుంటాయి. వాకిట్లో ఎండలో తీయాలంటే మాత్రం ఆ షట్టర్‌కి వెలుతురు ఎక్కువైపోతుంది, వెలుతురు తగ్గించే ఎన్‌డీ 64 ఫిల్టర్ ఒకటి ఫోనుకి తగిలించాలి.

వెలుతురు విషయంలో మీకు మంచి కాలం దొరికింది. హైదరాబాద్‌లో మే రెండో వారంలో మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, దక్షిణం కిటికీలోంచి నేల మీదకి ఎండ పడదు. డిసెంబర్ చివర్లో మధ్యాహ్నం కూడా సుమారు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. కిటికీ పై అంచు నేలకి 2 మీటర్ల ఎత్తులో ఉంటే, బయట సజ్జా అడ్డు లేకపోతే, ఎండ గదిలోకి దాదాపు 1.7 మీటర్లు వస్తుంది. ఊచల నీడతో సహా. ఆ ఎండ చారని మధ్యాహ్నం పూట నాలుగు నిమిషాలు కదలకుండా తీయండి. నాలుగైదు సెంటీమీటర్లు జరుగుతుంది. ఒక బండ అతుకు మీద మొదలుపెడితే ఆ జరగడం కంటికి తెలుస్తుంది. స్పీడ్ పెంచకండి. ఎడిటింగ్‌లో దాన్ని మూడు ముక్కలు చేసి, సినిమాలో మూడు చోట్ల పెట్టండి. చూసేవాళ్ళకి గడియారం లేకుండానే కాలం నడుస్తుంది.

ఇంకొక పని సామాను సర్దకముందే చేయాలి. ఒక ఎనిమిది ఫ్రేములు ఎంచుకోండి: వంటింటి గట్టు, దేవుడి అర, బీరువా మూల, మెట్ల కింద, ఇలా. ప్రతిచోటా ట్రైపాడ్ మూడు కాళ్ళ కింద నేల మీద పెయింట్ మార్కర్‌తో చుక్కలు పెట్టండి. చాక్‌పీసు అయితే ఊడ్చినప్పుడు పోతుంది. ఎత్తు, ఫోనులో వాడిన లెన్స్, టైము ఒక పుస్తకంలో రాయండి. ఇల్లు ఖాళీ అయ్యాక అదే టైముకి, అవే చుక్కల మీద, మొదటి షాట్ స్టిల్ పక్కన పెట్టుకుని మళ్ళీ తీయండి. ఈ రెండింటి మధ్య డిజాల్వ్ (ఒక బొమ్మ మెల్లగా ఇంకోదాంట్లో కలిసిపోవడం) వేయాలనిపిస్తుంది, వేయొద్దు. నిండుగా ఉన్న వంటింటి మీద నుంచి ఖాళీ వంటింటి మీదకి సూటిగా కట్ చేయండి, శబ్దం మాత్రం నిండుగా ఉన్న గదిదే మరో ఐదు సెకన్లు నడవనివ్వండి. గిన్నెల చప్పుడు ఉంది, గిన్నెలు లేవు. ఈ సినిమాలో ఇంతకన్నా బలమైన కట్ ఇంకొకటి ఉండదని నా నమ్మకం.

వీహెచ్‌ఎస్ టేపుకి కూడా బూజు నియమమే. టేపుని కంప్యూటర్‌లోకి ఎక్కించేవాళ్ళని డీఇంటర్లేస్ (గీతలు గీతలుగా విడిపోయి ఉన్న పాత వీడియోని పూర్తి ఫ్రేములుగా మార్చడం) చేయకుండా అసలు 720 బై 576 ఫైలు ఇమ్మని అడగండి. ఆ పని తర్వాత మీరే, సెకనుకి 50 ఫ్రేములుగా చేసుకుంటే కదలిక మెత్తగా వస్తుంది. షాపులో కంప్రెస్ చేసి డీవీడీలో పెట్టిస్తే ముఖాలు గడులు గడులుగా విరిగిపోతాయి. ఒక చిక్కుంది: పెళ్ళి వీడియోల మీద అప్పటి వీడియోగ్రాఫర్లు సినిమా పాటలు అతికించేవారు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగ్‌కి విడుదలైన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్ళు, పాట రాసినవారికీ స్వరపరిచినవారికీ వాళ్ళ జీవితకాలం మీద మరో 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. ఆ పాటతో ఫెస్టివల్‌కి పంపితే తిప్పి పంపొచ్చు, యూట్యూబ్‌లో పెడితే హక్కుదారుల నుంచి క్లెయిమ్ రావచ్చు. పాట పూర్తిగా తీసేయండి. తలంబ్రాలు పోసుకుంటున్న బొమ్మ మీద ఖాళీ గది నిశ్శబ్దం పెట్టి చూడండి, పాటకన్నా బాగా పనిచేస్తుంది.

ఆల్బమ్‌లో అతుక్కుపోయిన ఫోటోల్ని గోళ్ళతో పీకొద్దు. పళ్ళ మధ్య శుభ్రం చేసుకునే డెంటల్ ఫ్లాస్ దారాన్ని ఫోటో వెనకనుంచి రంపంలా మెల్లగా లాగితే వస్తాయి. రాకపోతే పేజీతోనే స్కాన్ చేయండి. ఫ్రేము అద్దానికి అతుక్కున్న ఫోటో అయితే అద్దంతోనే. 4 బై 6 అంగుళాల ఫోటోకి 600 డీపీఐ చాలు, 3600 పిక్సెల్స్ వెడల్పు వస్తుంది. ఫోటో మీద మెల్లగా జూమ్ చేయడం అందరూ చేసేదే. దానికి బదులు ఫోటో వెనక వైపు తీయండి. స్టూడియో ముద్ర, పెన్నుతో రాసిన తేదీ, అట్ట చిరిగి అంటుకున్న మచ్చ అన్నీ అక్కడ ఉంటాయి.

ఎడిటింగ్ డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో చేసుకోవచ్చు. మొదటి వారం టైమ్‌లైన్ మీద ఒక్క బొమ్మ కూడా పెట్టకండి. క్యాసెట్ గొంతు, అమ్మమ్మ గొంతు, మీ గొంతు, ఇంటి శబ్దాలు, నిశ్శబ్దాలు, వీటితోనే 8 నిమిషాలు కట్టండి. లైట్లు ఆపి, సినిమా గురించి ఏమీ తెలియని ఒకరికి వినిపించండి. వాళ్ళు ఎక్కడ ఫోను చూశారో ఆ నిమిషం రాసుకోండి, అక్కడ తగ్గించాలి. ఆ శబ్దం ఒక్కటే నిలబడ్డాక బొమ్మలు పెట్టండి. 8 నిమిషాలకి 40 నుంచి 60 షాట్లు దాటితే అది ట్రైలర్ అయిపోతుంది.

బొమ్మ పెట్టేటప్పుడు ఒకటే పరీక్ష: మాట చెప్పేది బొమ్మ చూపిస్తోందా? చూపిస్తుంటే రెండింట్లో ఒకటి తీసేయండి. అమ్మమ్మ చక్కెర డబ్బా గురించి మాట్లాడుతుంటే చక్కెర డబ్బా చూపించకండి, ఆ అరలో దుమ్ము మీద మిగిలిన గుండ్రటి గుర్తు చూపించండి. డబ్బా అంతకు రెండు నిమిషాల ముందో, మూడు నిమిషాల తర్వాతో రావాలి. మీ వాయిస్ ఓవర్‌ని మొదట రాసినదాంట్లో మూడో వంతుకి కోయండి. "జ్ఞాపకం", "కాలం", "బాల్యం", "మిస్సవుతున్నా" అన్న మాటలు ఎక్కడ కనబడినా కొట్టేయండి. వాటి చోట వస్తువు పేరు రాయండి. చదివేటప్పుడు కాగితం చూసి చదవకండి, ఒక వాక్యం చూసి, కాగితం పక్కన పెట్టి, ఎవరికో చెప్పినట్టు చెప్పండి. లేకపోతే మీ గొంతు వార్తలు చదివినట్టు ఉంటుంది, టేపులో తాతయ్య గొంతు పక్కన అది అసలు నిలవదు.

సంగీతం వద్దనే చెబుతాను. చూసేవాళ్ళు ఏం అనుకోవాలో సంగీతం ముందే చెప్పేస్తుంది, మీరు కష్టపడి పట్టిన గడియ చప్పుడు దాని కింద మునిగిపోతుంది. పాత ఫిల్మ్ గీతలు, పసుపు రంగు ఫిల్టర్లు కూడా ఇలాగే. మీ దగ్గర నిజమైన వీహెచ్‌ఎస్ గీతలున్నాయి, వాటి పక్కన నకిలీ గీతలు వెంటనే తెలిసిపోతాయి.

15 వేలలో మొదటి ఖర్చు మైకు, తర్వాత రెండు హార్డ్ డిస్కులు. రెండు డిస్కుల్లోనూ అన్నీ ఉండాలి, ఒకటి వేరే ఇంట్లో ఉండాలి. తర్వాత ట్రైపాడ్, క్లాంప్, ఫిల్టర్. మిగిలింది టేపులు ఎక్కించడానికి. కెమెరా, లెన్సులు అద్దెకి తేవాల్సిన పని లేదు. 4కే వీడియో నిమిషానికి వందల ఎంబీ తింటుంది, ఫోనులో జాగా ముందే ఖాళీ చేసుకోండి.

రఫ్ కట్ అయ్యాక ముందు అమ్మమ్మకి చూపించాలి, అందరికన్నా ముందు, ఆమె ఒక్కరికే. ఇంటి సంగతులు బయటికి వెళ్ళడం ఇష్టం లేదంటే ఆ ముక్క తీసేయాలి. డెవలప్‌మెంట్ వాటాల మీద మావయ్యల మధ్య మాటలేవైనా రికార్డులో పడి ఉంటే అవి అసలు వాడొద్దు. తర్వాత హైదరాబాద్‌లోని సాంస్కృతిక వేదిక లామకాన్ లాంటి చోట ఒక చిన్న ప్రదర్శన అడగొచ్చు. తెలియనివాళ్ళ మధ్య కూర్చుని చూస్తే ఏ షాట్ పొడుగైందో మీకే తెలుస్తుంది. బయటికి పంపాలనుకుంటే బెంగళూరులో ఎక్స్‌పెరిమెంటా సరిగ్గా ఇలాంటి సినిమాల కోసమే నడిచే ఫెస్టివల్, తిరువనంతపురంలో కేరళవాళ్ళ డాక్యుమెంటరీ, షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్ ఉంది, ముంబైలో మిఫ్ (ముంబై అంతర్జాతీయ ఫిల్మ్ ఫెస్టివల్) ఉంది. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ తప్పనిసరి. వరుసకి 42 అక్షరాలు, రెండు వరుసలు దాటకుండా చూడండి.

ఇక తాళాలు ఇచ్చేసే ముందు రోజు చేయాల్సిన పని. సామానంతా వెళ్ళిపోయాక బ్లూటూత్‌ది కాకుండా తీగతో పనిచేసే ఒక మంచి స్పీకరు తెచ్చుకుని, తాతయ్య ఎక్కువగా కూర్చునే చోట, ఆయన తల ఉండే ఎత్తులో పెట్టండి. క్యాసెట్ కాపీని మామూలు మాట గట్టిదనంతో ఆడించి, మైకుని అదే గదిలో ఒకసారి, వంటింటి గుమ్మంలో ఒకసారి, మెట్ల కింద ఒకసారి పెట్టి మళ్ళీ రికార్డు చేయండి. హాలీవుడ్ సౌండ్ డిజైనర్ వాల్టర్ మర్చ్ ఈ పద్ధతికి వరల్డైజింగ్ అని పేరు పెట్టాడు. ఒక శబ్దాన్ని నిజమైన జాగాలో ఆడించి, ఆ జాగా మోతతో సహా మళ్ళీ పట్టుకోవడం. మెట్ల కింద నుంచి తీసినదాన్ని ఖాళీ గది షాట్ కింద పెడితే, ఆయన పక్క గదిలో ఉన్నట్టే ఉంటుంది.

ఆ తర్వాత ప్రతి గది మధ్యలో ఒక బెలూన్ ఊది పగలగొట్టండి, గదికి మూడు చొప్పున. పగిలిన శబ్దం చాలా గట్టిగా ఉంటుంది, అందుకే రికార్డర్ లెవెల్ బాగా తగ్గించి, మైకుని మూడు మీటర్ల దూరంలో పెట్టండి. మోత పూర్తిగా ఆగేదాకా, ఇంకో ఐదు సెకన్లు అదనంగా, కదలకుండా నిలబడండి. ఆ ఫైలుని కన్వల్యూషన్ రివర్బ్ (ఒక గది మోతని వేరే శబ్దానికి అద్దే ఎఫెక్ట్) ఉన్న ఏ సాఫ్ట్‌వేర్‌లో వేసినా, ఏ గొంతునైనా ఆ గదిలో మాట్లాడినట్టు వినిపించవచ్చు. ఇల్లు కూల్చాక ఎడిటింగ్ చేస్తూ మీ వాయిస్ ఓవర్ ఒక వాక్యం మళ్ళీ చెప్పాల్సి వస్తే, అప్పటికి ఆ గోడలుండవు, గది పేరు రాసిన ఈ ఫైళ్ళు ఉంటాయి. అందుకని ప్రతి బెలూన్‌కి ముందు మైకులో గది పేరు చెప్పండి: "హాలు, ఒకటి." "హాలు, రెండు." "తాతయ్య గది, ఒకటి."